బెంగళూరులో ఏడో రోజు

ఉద్యోగరీత్యా తెలుగునాడు వదిలి బెంగళూరులో స్థిరపడిన మనవంటి వాళ్ళకు ఈ ఊరి దారులు, బస్సు నంబర్లు అలవాటు కావడానికి ఆర్నెల్లు చాలు. ఊరి సెలవులు అర్థం కావడానికి మాత్రం కొన్నేళ్ళు పడుతుంది. మంగళవారం నాడు క్షవరానికి బయలుదేరితే దుకాణం మూసి ఉంటుంది. అదే మంగళవారం పిల్లల్ని వెంటబెట్టుకుని బన్నేరుఘట్ట వెళితే, ఇవాళ పార్కుకు సెలవని గేటు దగ్గరే చెప్పి పంపేస్తారు. ఆదివారం చిక్కపేటలో టోకు దుకాణాలు చాలావరకు తాళాలు వేసుకుంటే, కమర్షియల్ స్ట్రీట్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ ఆదివారమే కబ్బన్ పార్కు లోపలి దారుల్లో వాహనాలను తిరగనివ్వరు. కనక మంగలికీ, పులికీ, చెట్టుకీ కూడా ఈ ఊళ్ళో వారానికో రోజు విశ్రాంతి రాసిపెట్టి ఉందన్నమాట. మరి ఈ వారానికో రోజు అనే ఏర్పాటు ఎక్కడినుంచి వచ్చింది? దాన్ని నిజంగా పాటించేవాళ్ళు ఎలా పాటిస్తున్నారు? బ్యాంకులో ముప్పై ఏళ్ళు సెలవుల జాబితా చూసుకుంటూ గడిపినవాణ్ణి గనక ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలలేదు.

మనకు తెలిసిన ఆదివారం సెలవు కంటోన్మెంటుతో పాటు బెంగళూరు వచ్చింది. 1809లో శ్రీరంగపట్నం నుంచి ఇంగ్లీషు పటాలం ఇక్కడికి తరలివచ్చింది. మహాత్మాగాంధీ రోడ్డు మీద ఇవాళ మనం చూసే సెయింట్ మార్క్స్ కెథడ్రల్‌కు 1816లో ప్రతిష్ఠ జరిగింది. ఆదివారం ఉదయం సిపాయిలు వరసగా ప్రార్థనకు నడవడం, కచేరీలు మూతపడడం ఆ రోజుల్లో మొదలైన పద్ధతులే. క్రైస్తవులకు ఆదివారం పవిత్రం కావడానికి కారణం ఏసుక్రీస్తు పునరుత్థానం ఆ రోజు జరిగిందన్న విశ్వాసం. దాన్ని రాజశాసనంగా సెలవు చేసినవాడు రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్, 321వ సంవత్సరంలో.

మన దేశంలో మా బ్యాంకు వాళ్ళకు ఆదివారం చట్టంలోనే ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షను ప్రకారం ఆదివారం పబ్లిక్ హాలిడే. ప్రామిసరీ నోటు గడువు ఆదివారం నాడు పడితే, దాని ముందు పనిదినానికే గడువు తీరినట్టు లెక్క. బీకాం చదివేటప్పుడు ఈ సెక్షను బట్టీ పట్టాం గాని, దాని వెనక ఇంత పెద్ద కథ ఉందని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు.

కూలివాళ్ళకు మాత్రం ఆ ఆదివారం ఊరికే రాలేదు. బొంబాయి నూలు మిల్లుల్లో వారమంతా పని చేయించుకునే రోజుల్లో, మహాత్మా ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి వారపు సెలవు కోసం పోరాడాడు. చివరికి 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆ కార్మికుల్లో చాలామందికి ఆదివారమంటే ఇలవేల్పు ఖండోబా వారం. మన కొమురవెల్లి మల్లన్న జాతరలో ఆదివారాలకున్న ప్రాముఖ్యం తెలిసినవాళ్ళకు ఈ మాట కొత్తగా అనిపించదు. గుడికి వెళ్ళేవాడికీ, చర్చికి వెళ్ళేవాడికీ, ఇంట్లో పడుకునేవాడికీ ఉమ్మడిగా ఒక రోజు ఆ విధంగా దక్కింది.

అయితే ఈ వారపు విశ్రాంతికి మూలం ఆదివారం కాదు, శనివారం. యూదులు దాన్ని సబ్బాతు అంటారు. శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చీకటి పడి చుక్కలు కనిపించేదాకా సాగుతుంది. దీపాలు ముందే వెలిగిస్తారు, వంట ముందే ముగిస్తారు. మా వృత్తివాళ్ళు చెవి ఒగ్గి వినవలసిన సంగతి ఒకటుంది: ఆ రోజు వాళ్ళు డబ్బు ముట్టుకోరు. ఇవ్వడం, పుచ్చుకోవడం, బేరం ఆడడం ఏదీ ఉండదు. బెంగళూరులో యూదులు ఎప్పుడూ గుప్పెడు మందే. కమర్షియల్ స్ట్రీట్‌లో రూబిన్ మోజెస్ చెప్పుల దుకాణం పేరు పాతతరం వాళ్ళకు ఇంకా గుర్తు. మాగడి రోడ్డులో వాళ్ళ శ్మశానవాటిక ఉంది, 1904 నాటిది. ఆ దారిన రోజూ వెళ్ళే మనవాళ్ళలో ఎంతమంది దాన్ని గమనించారో!

నేను సబ్బాతును దగ్గరగా చూసింది మాత్రం ఒక తెలుగు క్యాషియర్ గారి వల్ల. ఆయనది నూజివీడు ప్రాంతం. సెవెంత్ డే అడ్వెంటిస్టు కుటుంబం. 1863లో అమెరికాలో ఏర్పడిన ఈ సంఘం క్రైస్తవమే అయినా, ఏడో రోజు అంటే శనివారమే విశ్రాంతి దినమని నమ్ముతుంది. నూజివీడులో 1925లో వెలసిన గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి వీళ్ళదే. నరసాపురం దగ్గర రుస్తుంబాదలో వీళ్ళ విద్యాసంస్థ ఉంది. కాబట్టి కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళకు వీళ్ళు కొత్తవారు కారు.

ఇప్పటి పిల్లలకు తెలియదు గాని, 2015 ఆగస్టు దాకా బ్యాంకులకు ప్రతి శనివారమూ ఒంటిపూట పని ఉండేది. ఆ ఒంటిపూట ఆయనకు గండం. ఏడాదికి 12 క్యాజువల్ లీవులు. శనివారాలేమో 52. మిగిలినవాటికి జీతం నష్టపోవడానికి ఆయన సిద్ధమే గాని, కౌంటరు నడవాలి కదా! అందుకని ఒక ఏర్పాటు కుదిరింది. ఏడాది ముగింపు లెక్కల రాత్రి, పండగ ముందురోజు, ఏటీఎంలో నగదు నింపే ఆదివారం - ఎవరూ ఇష్టపడని పనులన్నీ ఆయనవి. బదులుగా శనివారాలు మిగతావాళ్ళు సర్దుకునేవారు. సర్దుకోనివాళ్ళు సణుక్కునేవారు. ఆఫీసరు ప్రమోషను రెండుసార్లు ఆయన ఇంటి గుమ్మం దాకా వచ్చింది. రెండుసార్లూ వద్దన్నారు. ఆఫీసరైతే క్యాష్ రూము తాళంచెవి ఒకటి ఆయన దగ్గరుండాలి. తాళంచెవి ఉన్నవాడు శనివారం రాకపోతే ఇనప్పెట్టె తెరుచుకోదు.

"ఎంత నష్టమో లెక్క వేశారా?" అని ఒకసారి అడిగాను. "వేశాను సార్, మనం లెక్కలవాళ్ళమే కదా" అని నవ్వారు. "పెన్షను కూడా కలిపి వేశాను. ఆ మొత్తం పెట్టి శనివారాలు కొనుక్కున్నాననుకుంటాను." 2015 సెప్టెంబరు 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు అయ్యాక ఆయన కష్టం సగం తీరింది. ఆ మిగతా సగంతోనే సర్వీసు ముగించి రిటైరయ్యారు.

ఆయన పిలిస్తే ఒక శనివారం నేనూ మా ఆవిడా కృష్ణరాజపురం వెళ్ళాం. పాత మద్రాసు రోడ్డు మీద దూరవాణినగర్ దగ్గర అడ్వెంటిస్టుల లౌరీ విద్యాసంస్థల ఆవరణ ఉంది. ఆ స్థలానికి మంచి చరిత్రే ఉంది. ఇవాళ పుణేలో పేరున్న వాళ్ళ స్పైసర్ విద్యాసంస్థ 1915లో కోయంబత్తూరులో మొదలై, కొన్నేళ్ళు కృష్ణరాజపురంలో నడిచి, 1942లో పుణేకు తరలివెళ్ళింది. రోడ్డు మీద లారీల రొద, మెట్రో స్తంభాలు, తీగల వంతెన దగ్గర ఎప్పుడూ ఉండే రద్దీ. లోపలికి అడుగు పెట్టగానే చెట్లూ, మెల్లగా నడిచే మనుషులూ. ప్రార్థనకు ముందు పెద్దలూ పిల్లలూ గుంపులుగా కూర్చుని బైబిలు పాఠం చదివి చర్చించుకుంటారు. ఒకరు చెప్పడం, అందరూ వినడం కాదు. ప్రశ్నలుంటాయి, వాదనలుంటాయి. నాకు నచ్చిన విషయం ఎవరూ గడియారం చూసుకోకపోవడం.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. ఆ సంఘంలో చాలామంది శాకాహారులు గనక మాకేమీ ఇబ్బంది లేకపోయింది. పులిహోర, దోసకాయ పప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు - అన్నీ ముందురోజు చేసినవే, వేడి చేయడం తప్ప వంటింట్లో పని లేదు. శుక్రవారాన్ని వాళ్ళు సిద్ధపాటు దినం అంటారట. గోడ మీది క్యాలెండరులో ప్రతి శుక్రవారానికీ సూర్యాస్తమయం వేళ అచ్చు వేసి ఉంది. డిసెంబరు మొదట్లో ఆరుకు ముందే, జూలైలో ఆరూ ముప్పావు దాటాక. ఆ వేళకల్లా ఇల్లు ఊడ్చి, బట్టలు ఇస్త్రీ చేసి, వంట ముగించి, బయటి పనులన్నీ కట్టిపెడతారు.

మా ఆవిడ ఆ ఇల్లాలిని అడిగింది, "ముందురోజు రెండు రోజుల పని చేస్తే ఒళ్ళు హూనం కాదా అమ్మా?" అని. ఆవిడ జవాబు మేమిద్దరం ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు మాట్లాడుకున్నాం. "అవుతుంది వదినా. కానీ శుక్రవారం పని అందరిదీ. ఈయన కూరలు తరుగుతారు, పిల్లలు ఊడుస్తారు. శనివారం నేను కూడా కూర్చోవాలని దేవుడు చెప్పాడు కదా, నన్ను ఒక్కదాన్నీ నిలబెడితే ఆజ్ఞ మీరినట్టే."

ఆ ఆజ్ఞలో నిజంగా ఏముందో తర్వాత చదివాను. బైబిలు నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఒకసారి, ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో ఇంకోసారి వస్తుంది. మొదటిచోట చెప్పిన కారణం మనలో చాలామంది విన్నదే: ఆరు రోజుల్లో సృష్టి ముగించి దేవుడు ఏడో రోజు విశ్రమించాడు. రెండోచోట చెప్పిన కారణం వేరు: మీరు ఐగుప్తులో దాసులుగా ఉండేవాళ్ళు, ఆ సంగతి మరిచిపోవద్దు. అందుకే విశ్రాంతి ఎవరెవరికి ఇవ్వాలో జాబితా వేసి మరీ చెప్పారు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, చివరికి నీ ఊళ్ళో ఉన్న పరదేశి. బ్యాంకు భాషలో చెప్పాలంటే లబ్ధిదారుల జాబితా అంతా రాశాకే ఖాతా తెరిచారు. పనిచేయించుకునేవాడు తాను కూర్చుని, పనివాణ్ణి నిలబెడితే ఆ ఖాతా చెల్లదు.

ఈ ఆజ్ఞను పాటించడానికి ఎవరెంత ఖర్చు పెట్టుకోవాలి అన్నది ఇంకో సంగతి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ మాదిగ కుటుంబాలు కొన్ని తమను ఇశ్రాయేలు ఎఫ్రాయిము గోత్రపు సంతతిగా, బెనె ఎఫ్రాయిముగా చెప్పుకుంటాయి. యాకోబి సోదరుల నాయకత్వంలో గత శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి యూదమతాన్ని పాటిస్తున్నాయి, సొంతంగా ప్రార్థనామందిరం కట్టుకున్నాయి. యులియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2013లో వచ్చింది. మా క్యాషియర్ గారు శనివారానికి ప్రమోషను వదులుకున్నారు. పొలం కూలి మీద బతికే మనిషికి శనివారం మానడమంటే ఆ పూట కూలి పోవడమే. మిరప కోతల వేళ ఒక రోజు కూలి అంటే ఏమిటో గుంటూరు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. విశ్రాంతి తీసుకోవడానికి కూడా కొంత స్తోమతు కావాలి. ఆ స్తోమతు లేనివాడికి యజమాని ఇస్తేనే విశ్రాంతి.

ఎద్దు మాట వచ్చింది గనక మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. మా తాతగారిది హిందూపురం దగ్గరి పల్లె. ఆయన సోమవారం నాడు ఎద్దులకు కాడి కట్టేవారు కాదు. వాన పడి అదను దాటిపోతున్నా సరే. కన్నడ పల్లెల్లో ఈ ఆచారం మరీ గట్టిది. సోమవారం శివుడిది, శివుడి వాహనం నంది, కనక బసవన్నకు ఆ రోజు సెలవు. మన బెంగళూరు బసవనగుడిలో, ఒకే రాతిలో మలిచిన పదిహేను అడుగుల నంది ఎదుట కార్తీకమాసం కడపటి సోమవారం జరిగే కడలేకాయ్ పరిషె, అంటే వేరుశెనగ జాతర, మీలో చాలామంది చూసే ఉంటారు. పంటను పాడుచేస్తున్న ఎద్దును శాంతింపజేయడానికి రైతులు తొలి కాయలు సమర్పించుకున్నారని కథ. మన సీమ నుంచి కూడా కాయల మూటలతో వ్యాపారులు వస్తారు. ఎక్కడో ఎడారిలో మోషే చెప్పిన ధర్మానికీ, మా తాతగారి కాడికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా పనిచేసే నోరులేని జీవికి వారంలో ఒక రోజు రుణపడి ఉన్నామని ఇద్దరికీ తోచింది.

ఇక ఇప్పటి బెంగళూరు సంగతి. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆదివారం నాడు డబ్బు కూడా నిద్రపోయేది. శనివారం వేసిన చెక్కు సోమవారం దాకా కదిలేది కాదు. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు 14 నుంచి ఆర్టీజీఎస్ రాత్రింబగళ్ళు, సెలవుల్లో సహా నడుస్తున్నాయి. యూపీఐ సంగతి సరేసరి. మంచిదే, ఆదివారం అర్ధరాత్రి ఆసుపత్రిలో డబ్బు కట్టవలసి వచ్చినవాడికి ఆ విలువ తెలుస్తుంది. కానీ డబ్బు నిద్ర మానేశాక దాని వెంట పరుగెత్తే మనుషులకూ నిద్ర లేదు. మన ఆదివారం బిరియానీ పొట్లం పట్టుకుని నాలుగో అంతస్తుకు వచ్చే కుర్రవాడికి వారంలో అన్నిటికంటె ఎక్కువ పని ఆ రోజే. ఇంట్లో ఆడవాళ్ళకైతే ఆదివారం అంటే టిఫిను, ప్రత్యేక వంట, సాయంత్రం చుట్టాలు, మర్నాటి యూనిఫారాలు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, ఒకరి అలసట మీద మన విశ్రాంతి వాలుతోంది.

దుకాణాల్లో పనిచేసేవారికి 1961 నాటి కర్ణాటక దుకాణాల చట్టం కింద వారానికో రోజు సెలవు ఉంది. మన ఇళ్ళలో అంట్లు తోమే మనిషి ఆ చట్టం కిందికి రాదు. ఇక్కడ మా అపార్టుమెంటులో జరిగినది చెబుతాను. మొన్నామధ్య సర్వసభ్య సమావేశంలో, పనిమనుషులకు జీతం కోత లేకుండా వారానికో రోజు సెలవు ఇవ్వాలని ఒక తీర్మానం వచ్చింది. లిఫ్టు మరమ్మతు మీద పది నిమిషాల్లో ఏకాభిప్రాయానికి వచ్చిన మేము దీని మీద గంటన్నర వాదించుకున్నాం. "వాళ్ళు ఎలాగూ నెలకు నాలుగు రోజులు మానేస్తూనే ఉన్నారుగా" అన్నారొకరు. "మానేసి మాటలు పడడం వేరు, సెలవు తీసుకోవడం వేరు" అన్నారు ఇంకొకరు. "ఆదివారం చుట్టాలొస్తే గిన్నెలు ఎవరు తోముతారు?" అని ఒకావిడ అడిగితే, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు తల ఎత్తకుండానే, "చుట్టాలే" అన్నారు. అందరం నవ్వాం. ఆ నవ్వులో పని జరిగిపోయింది. తీర్మానం తప్పనిసరి కాలేదు, ఇష్టమైనవాళ్ళు పాటించవచ్చు అన్నదాకా వచ్చింది. సగానికి పైగా ఇళ్ళు పాటిస్తున్నాయి.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది ఆదోని వైపు. ఏ రోజు కావాలో నువ్వే చెప్పు అంటే, పిల్లలు ఇంట్లో ఉంటారని ఆదివారం అడిగింది. మొదటి ఆదివారం గడిచాక సోమవారం పొద్దున మా ఆవిడ, "నిన్న ఎక్కడికైనా వెళ్ళారా?" అని పలకరించింది. "లేదమ్మా, పన్నెండింటిదాకా పడుకున్నా. మా చిన్నది వచ్చి జ్వరమా అమ్మా అని నుదురు తాకి చూసింది" అంది ఆ అమ్మాయి. తల్లి పగటిపూట పడుకోవడం ఆ పిల్ల అంతకుముందు చూడలేదు.

మా ఆవిడ ఇప్పుడు శనివారం రాత్రే పెరుగు తోడేసి, పులిహోర పులుసు ఉడికించి ఉంచుతుంది. ఆదివారం పొయ్యి ఒక్క పూటే. గిన్నెలు నావి, గుడ్డలు మడతపెట్టడం మా అబ్బాయిది. దీన్ని మతమనుకోనక్కరలేదు, ఎవరి దేవుడికి వారు దణ్ణం పెట్టుకోవచ్చు. మన సంఘ సభ్యుల ఇళ్ళలో కూడా, శనివారమో ఆదివారమో సోమవారమో, ఆ ఇంటికి వీలైన రోజు ఒకటి ఎంచుకుని, కాగితం మీద ముందుగా పేర్లు రాసుకోమని మనవి. ఆ రోజు ఎవరెవరు కూర్చోవాలి? ఇల్లాలి పేరు, పనిమనిషి పేరు, వాచ్‌మన్ పేరు ముందు రాయండి. మన పేరు చివర్లో రాసుకుందాం, చోటు మిగులుతుంది.